రుచి చూడని పులిహోర

నా చూపు పోయిన మూడో ఏడు నాకు వంట పిచ్చి పట్టుకుంది. పిచ్చి అనే రాస్తున్నాను, ఎందుకంటే ఆ రోజుల్లో ఉల్లిగడ్డ ముక్కలు నూనెలో పడ్డ చప్పుడు వింటే నాకు నవ్వు ఆగేది కాదు. వంటింట్లో ఒక్కదాన్నే కూర్చుని నవ్వేదాన్ని.

చూపు సంగతి రెండు మాటల్లో చెప్పేస్తాను. ఇంటర్ రెండో సంవత్సరంలో ఉండగా పుస్తకంలో లైన్ల చివరి మాటలు కనపడటం మానేశాయి. తరువాత మొదటి మాటలు పోయాయి. మధ్యలో మిగిలిన రెండు మూడు మాటలతోనే కథ ఊహించుకుంటూ, ఎవరికీ చెప్పకుండా, గ్రంథాలయంలో ఇంకో ఆరు నెలలు నవలలు చదివాను. నేను ఊహించుకున్న కథలే అసలు వాటికంటే బాగుండేవని ఇప్పటికీ నా అనుమానం. హైదరాబాద్ దవాఖానాలో కంటి నరం ఎండిపోయిందన్నారు. ఏడవాల్సినంత ఏడ్చాను. ఆ పేజీలు చదవమని చెల్లిని నేనెప్పుడూ అడగలేదు.

పేజీలంటే డైరీవి. తొమ్మిదో తరగతి నుంచి రాస్తున్నాను. చూపు పోయాక నాన్న ఒక దళసరి అట్టకు వరుసగా సన్నటి కిటికీలు కోసి ఇచ్చాడు. దాన్ని పేజీ మీద పెట్టి, కిటికీ అంచుకు వేలు ఆనించి రాస్తే లైన్లు ఒకదాని మీదికి ఒకటి ఎక్కవు. చెల్లి చదివి వినిపిస్తుంది. అచ్చులకు హల్లులకు తేడా తెలియడం లేదని తిడుతుంది. ఇప్పుడు రాస్తున్నదంతా ఆ డైరీల్లోదే.

మాది అశ్వారావుపేట రోడ్డు మీద చిన్న ఊరు. ఒక పక్క పొగాకు ఆరబెట్టే బ్యారన్లు, వాటి వెనక నుంచి అడవి. నాన్న సామిల్లులో పనిచేసేవాడు. అమ్మ మిరపకాయల కాలంలో పొద్దున్నే ఏరడానికి పోతే మళ్ళీ దీపాలు పెట్టే వేళకే రాక. చెల్లి బడికి పోయేది. పోతూ పోతూ అమ్మ రోజూ ఒకటే మాట చెప్పేది, "పొయ్యి దిక్కు పోకు బిడ్డా." నేను రోజూ తల ఊపేదాన్ని.

మొదట టీ పెట్టాను. నీళ్ళు కాగేముందు గిన్నె అడుగున సన్నగా ఈల వేస్తాయి, కాగాక గొంతు బొంగురు పోతుంది. అది కనిపెట్టిన రోజు పరీక్ష పాసైనట్టు అనిపించింది. తరువాత అన్నం. మూత పలచగా టకటకలాడినంతసేపు గింజ పచ్చిదే, మూత బరువుగా కొట్టుకుంటే గంజి చిక్కపడ్డట్టు. ఆవాలు వాటంతట అవే చెప్తాయి. వంకాయ వేలి కింద చెప్తుంది. ఉల్లిగడ్డ వాసన ఘాటు నుంచి తీపికి తిరిగే క్షణం ఒకటి ఉంటుంది, అక్కడ కారం వేయాలి. ఇన్నాళ్ళూ కళ్ళున్నప్పుడు ఇవన్నీ ఎక్కడికి పోయాయో.

తప్పులు జరగలేదని కాదు. ఎండాకాలం మా ఇంట్లో చింతపండు, బెల్లం రెండూ ఒకే తీరుగా చేతికి అంటుకునేవి. ఒకరోజు చారులోకి నిమ్మకాయంత బెల్లం పిసికాను. నాన్న రెండు ముద్దలు తిని, "ఇది చారా, పాయసమా?" అని అడిగాడు. మళ్ళీ గిన్నె నా వైపు జరిపాడు. "ఏదైతేంది, ఇంకింత పొయ్," అన్నాడు. అమ్మ మాత్రం పొయ్యి దగ్గరికి పోయినందుకు గంటసేపు తిట్టి, చివరకు అదే చారుతో తిన్నది.

నలుగురికి వండటం చేతనయ్యాక నలభైమందికి, నాలుగు వందలమందికి వండాలనిపించింది. మా వెనక సందులో పెళ్ళిళ్ళకూ ఊరి భోజనాలకూ వండే మేస్త్రి ఒకాయన ఉండేవాడు. ఎప్పుడో కుర్రతనంలో గుడి వంటశాలలో పనిచేశాడట. ఆయన ఇంటి ముందు గుండిగలు తోముతుంటే ఆ మోత మా వంటింట్లోకి వచ్చేది. గంట మోగినట్టు మోగేది పెద్ద గుండిగ, దగ్గినట్టు మోగేది చిల్లులకు మాటు వేసింది. రోజూ వాటిని వింటూ, ఆ గుండిగల్లో గరిటె తిప్పే పనే నా పని కావాలని తీర్మానించుకున్నాను. నేనసలు ఎవరితో మాట్లాడటానికైనా చెల్లి వెనక నిలబడే మనిషిని. అందుకే చెల్లిని ముందు పెట్టుకుని పోయాను.

"మా అక్క మీ దగ్గర వంట పనికొస్తదంట," అంది చెల్లి.

మేస్త్రి గరిటె పక్కన పెట్టిన చప్పుడు వినపడింది. "ఏం బిడ్డా, కూరగాయలు కోస్తవా?"

నేను తల ఊపాను.

"అవ్ అంటవా, కాదంటవా? నువ్వు తల ఊపితే నాకు కనబడ్డది, మంచిదే. రేపు నీ ఎనక కాగే గుండిగ మోసుకుంట వచ్చేటోడు నీ తల చూస్తడా, గుండిగ చూస్తడా?"

నేను మళ్ళీ తలే ఊపాను. చెల్లి పక్కకు తిరిగి నవ్వింది.

ఆయన పది కిలోల వంకాయలు ముందు పోశాడు. ఉప్పునీళ్ళ తొట్టిలోకి కోసి వేశాను. అయిపోయాక ఆయన చేయి తొట్టిలో పెట్టి కలియబెట్టాడు. "ముక్కలు అచ్చు పోసినట్టున్నయ్," అన్నాడు. ఆ రోజు డైరీలో ఆ మాట మూడుసార్లు రాసుకున్నాను.

నెల రోజులు కోత పని చేశాను. పొయ్యి దగ్గరికి మాత్రం రానివ్వలేదు. ఎందుకని అడిగే ధైర్యం నాకు లేదు, ఆయనే చెప్పాడు. వంటపందిట్లో పొయ్యిలు వరుసగా ఉంటాయి. వేడి గిన్నెతో కదిలిన ప్రతివాళ్ళూ "పక్క, పక్క" అని అరుస్తూ కదలాలి. విన్నవాళ్ళు తాము ఎక్కడున్నారో పలకాలి. పలకని మనిషి లేనట్టే లెక్క, లేని మనిషి మీద గంజి పడుతుంది.

"చూపు లేకపోతే నేను సర్దుకుంట," అన్నాడు మేస్త్రి. "నోరు లేకపోతే మాత్రం నాతోని కాదు. ఎవలన్న కాలితే ఆ ఉసురు నాకు. శ్రీరామనవమికి బ్యారన్ల కాడ కల్యాణం వంట ఒప్పుకున్న. ఆనాటికి నీ నోరు లేస్తే పొయ్యి ఇస్త. లేవకపోతే ఇంట్లనే వండుకో తల్లీ, కోపం చెయ్యకు."

నవమికి ఇంకా పన్నెండు రోజులున్నాయి.

నేను సాధన మొదలుపెట్టాను. మా పెరట్లో నీళ్ళు లేని గాబు ఒకటి ఉండేది. అమ్మ పనికి పోగానే తల అందులో పెట్టి "పక్క, పక్క" అని అరిచేదాన్ని. గాబులో నా గొంతు నాకే పెద్ద మేస్త్రి గొంతులా వినిపించేది. తల బయటికి తీస్తే మళ్ళీ పిల్లి కూత. ఒకరోజు అమ్మ సద్దిగిన్నె మరిచిపోయి తిరిగి వచ్చింది. కూతురి తల గాబులో, కాళ్ళు నేలకు జానెడు పైన, లోపలి నుంచి "పక్క, పక్క". అమ్మ గిన్నె తీసుకుని పోయింది. ఆ సాయంత్రం నా నుదుటిన విబూది పెట్టి, మూడుసార్లు దిష్టి తీసి, చెల్లిని నాతోనే పడుకోమంది. చెల్లికి అంతా తెలుసు. పడీ పడీ నవ్వింది, నా జబ్బే అంటుకుందేమోనని దానికీ విబూది పెట్టారు.

నాకు నోరు నేర్పింది మేస్త్రి కాదు, గాబూ కాదు, పొయ్యిల అక్క. అడవి అంచు గూడెం నుంచి కట్టెలు, కుట్టిన విస్తర్లు తెచ్చేది. మేస్త్రి వంటల్లో పొయ్యి మంటలన్నీ ఆమె చేతిలోనే ఉండేవి. వాళ్ళ ఇంటి భాష వేరు, మాతో మాత్రం తెలుగులో పొదుపుగా మాట్లాడేది.

"నువ్వు అరుస్తున్నవ్," అంది ఒకరోజు నా సాధన విని. "అరిస్తే గొంతు పోతది. కూతెయ్యాలె."

"రెండూ ఒకటి కాదా అక్కా?"

"ఇప్పపువ్వు ఏరేతందుకు పోతం. చెట్ల నడుమ ఒకళ్ళకొకళ్ళం కనబడం. నీ లెక్కనే అనుకో. అప్పుడు కూతేసుకుంటం. బుగులు, భయంతోని కాదు. ఇక్కడున్న, అని." నా బొడ్డు మీద చేయి పెట్టి నొక్కింది. "ఈడికెల్లి తియ్."

ఆమె ఒకటి వేసి చూపించింది. సన్నగా మొదలై, పైకి లేచి, ఎక్కడో దూరంగా పోయి ఆగింది. నేను తీశాను. బొడ్డు దాకా పోలేదుగానీ గొంతు దాటి కిందికి దిగింది. "ఇంక నాలుగు దినాలున్నయ్ గదా," అంది ఆమె, కట్టెలు ఎగదోస్తూ. అది ఓదార్పో బెదిరింపో తెలియలేదు.

నవమి వచ్చింది. తెల్లారకముందే తలస్నానం చేసి, తడిజుట్టు ముడేసుకుని బ్యారన్ల దగ్గరికి పోయాము. కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ రైతు కుటుంబాలూ మా ఊరివాళ్ళూ కలిసి వేసిన తాటాకు పందిరి. ఆ పక్కన కల్యాణ మండపం, ఈ పక్కన వంటపందిరి, మధ్యలో మైకు. నన్ను కోతకు కూర్చోబెట్టారు, పొయ్యికి కాదు.

అప్పుడు మేస్త్రి అందరికీ తలా ఒక గుడ్డముక్క పంచాడు.

"నైవేద్యం అయ్యేదాక ఎవలూ నాలిక మీద పెట్టొద్దు. వాసన గూడ సూడొద్దు. వాసన పట్టినా ఎంగిలే. మూతి, ముక్కు కట్టుకోండ్రి."

అది ఆయన గుడి వంటశాలలో నేర్చిన నియమం. గుడ్డ కట్టుకోగానే నాకు గాబులో తల పెట్టినట్టయింది. కళ్ళు ఎలాగూ లేవు, ఇప్పుడు ముక్కు కూడా పోయింది. మిగిలినవి రెండు చెవులు, పది వేళ్ళు. కానీ ఒక సంగతి తోచి గుడ్డ కిందే నవ్వుకున్నాను. ఆ రోజు పందిట్లో ఉప్పు చాలిందో లేదో తెలిసినవాళ్ళు ఎవరూ లేరు. అందరం గుడ్డివాళ్ళమే. నాకొక్కదానికే అలవాటు ఉంది.

పులిహోరకు అన్నం వండి, రెండు కొత్త చాపల మీద ధోవతులు పరిచి, రెండు కుప్పలుగా ఆరబోశారు. నేను కూర్చున్న చోటికి దగ్గరలో చింతపండు పులుసు పెద్ద మూకుడులో ఉడుకుతోంది. మేస్త్రి పానకం బిందెల దగ్గరికి పోయాడు. అప్పుడు గాజుల చప్పుడు ఒకటి వచ్చింది. మామూలు గాజులు కాదు, మోచేతి దాకా ఉన్నట్టు మోగుతున్నాయి. రైతుల ఇళ్ళలో పెద్దామె ఒకావిడ. సాయం చేద్దామని వచ్చింది.

"పులుసు భలే ఉడుకుతుందే," అనుకుంది తనలో తాను. ఆ తరువాత జరజరమని ఒక చప్పుడు, ఇంకోసారి జరజర. మూకుడు అంచుకు తగిలి రాళ్ళు ఎగిరాయి, ఒకటి వచ్చి నా పాదం మీద పడింది. కల్లుప్పు. మైకులో ఎవరో పిలిచారు, గాజులు గబగబా మండపం వైపు పోయాయి.

నేనేమీ అనలేదు. పెద్దింటామె, నేనెవరిని అడగడానికి. మేస్త్రే వేయమని ఉంటాడులే అనుకున్నాను.

తరువాత పోపు పెట్టారు. శనగపప్పు, పల్లీలు, ఎండుమిరపకాయలు, కరివేపాకు, అన్నీ నాకు తెలిసిన గొంతులే. పులుసును రెండు కుప్పల మీదా సమంగా పోశారు. అప్పుడు మేస్త్రి, "ఉప్పు బుట్ట ఇటియ్యండ్రి, అన్నం మీద చల్లుదాం," అన్నాడు.

నా చేతిలో కత్తిపీట ఆగిపోయింది. మా వైపు ఉప్పు అన్నం మీద చల్లుతారు. ఆ రైతుల ఇళ్ళలో పులుసులోనే వేసి ఉడికిస్తారు. ఆమె తమ ఇంటి పద్ధతిలో వేసేసింది, ఈయన మా పద్ధతిలో వేయబోతున్నాడు, రుచి చూసే దారి ఎవరికీ లేదు, వందలమంది ఆకుల ముందు కూర్చోబోతున్నారు.

"మేస్త్రీ," అన్నాను. గుడ్డ లోపలే అది అయిపోయింది. "మేస్త్రీ," అన్నాను మళ్ళీ. ఉప్పు బుట్ట కిర్రుమంది, ఒక కుప్ప మీద ఉప్పు పడుతున్న చప్పుడు మొదలైంది.

నేను లేచి నిలబడి కూతేశాను.

అది ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలియదు. బొడ్డు నుంచే అయ్యుండాలి. పందిట్లో ఎవరిదో గరిటె జారి కిందపడింది. ఒకాయన, "ఏడుంది, ఏడుంది పాము?" అంటూ బల్ల మీదికి ఎక్కాడు. మైకు కూడా ఒక క్షణం ఆగింది.

"పాము కాదు," అన్నాను. "ఉప్పు."

"ఉప్పుకేమైంది?" అన్నాడు మేస్త్రి.

"పులుసుల ముందే పడ్డది. గాజులామె ఏసింది. రెండు దోసిళ్ళు."

"నువ్వు చూసినవా?" అని, అడిగినందుకు ఆయనే గొణుక్కున్నాడు. "విన్నవా?"

"విన్న."

"బెల్లమై ఉంటది. నేనే గడ్డలు తీసి పక్కన పెట్టిన."

"బెల్లం దుబుక్కుమని పడ్తది. ఇది జరజరమన్నది. ఒక రాయి ఎగిరి నా కాలు మీద పడ్డది."

"ఆ రాయి ఏది మరి?"

"తొక్కిన."

"నోట్లె ఏసుకుంటే తెలిసిపోయేటిది గదా," అన్నాడు బల్ల మీదాయన.

"నైవేద్యం గాకముందు ఎట్ల ఏసుకుంటది, తెలివి ఉన్నదా నీకు?" అంది పొయ్యిల అక్క. "ముందు నువ్వు దిగు."

గాజులామెనే అడుగుదామన్నాడు మేస్త్రి. అడిగే వీలెక్కడిది, ఆమే భర్తతో కలిసి పీటల మీద కూర్చుని కల్యాణం జరిపిస్తోంది. తంతు అయ్యేదాకా లేవకూడదు, మాట్లాడకూడదు. బల్ల దిగినాయనను మండపం పక్కకు పంపారు, సైగ చేసి అడగమని. ఆయన దూరం నుంచి వేళ్ళతో చల్లినట్టు చేసి చూపించాడట. ఆమె భక్తిగా నవ్వి, పళ్ళెంలోంచి ఇన్ని అక్షింతలు తీసి ఆయన మీద చల్లింది. ఆయన నెత్తి నిండా పసుపు బియ్యంతో తిరిగి వచ్చాడు.

"ఏమన్నది?" అడిగాడు మేస్త్రి.

"దీవించింది."

నవ్వకూడదని అందరూ గుడ్డలు పళ్ళతో పట్టుకున్నారు. మేస్త్రి నవ్వలేదు. ఆయన పేరు పోయే సంగతి. ఒక కుప్పకు ఉప్పు అప్పటికే చల్లేశాడు. రెండో కుప్ప ముందు ఉప్పు బుట్ట పట్టుకుని నిలబడ్డాడు. జీలకర్ర బెల్లం అయిందని మైకు చెప్పింది.

"ఈ కుప్పకు ఎయ్యను," అన్నాడు చివరకు. "దీన్ని ఇట్లనే ఉంచుదాం. ఇగ రాముడికి ఏ కుప్పకెల్లి తియ్యాలె?"

ఆయన అడుగులు నా వైపు వచ్చాయి.

"చెప్పు బిడ్డా. మొదలు పెట్టినదానివి నువ్వే."

 నేను విన్నది తప్పయితే చప్పటి పులిహోర నైవేద్యం పెట్టించిన పాపం నాది, పొయ్యి కల ముగిసినట్టే, మళ్ళీ ఎవరూ నన్ను నమ్మి ఒక్క వంకాయ కూడా ఇవ్వరు. "ఉప్పు చల్లనిది," అన్నాను, వినపడేలా.

ఇత్తడి గిన్నెలో పెట్టి తీసుకుపోయారు. ఆ తరువాత గడిచిన సమయం గంటో అరగంటో, డైరీలో నేను 'ఒక యుగం' అని రాసి, చెల్లి కొట్టేయమంటే కొట్టేశాను. మైకులో తాళి కట్టే వేళ మేళం ఒక్కసారిగా ఎగిసింది. జనం చప్పట్లు కొట్టారు. నేను మాత్రం చప్పటి పులిహోర నోట్లో పెట్టుకుని మొహమాటానికి ఏమీ అనలేక కూర్చున్న దేవుణ్ణి ఊహించుకుంటున్నాను. భయంతో నవ్వొచ్చింది. నవ్వితే భయమేసింది. పక్కన పొయ్యిల అక్క నా మోచేయి పట్టుకుని, "ఊపకు, నేను గూడ ఊగుతున్న," అంది.

ఇత్తడి గిన్నె తిరిగి వచ్చింది. మేస్త్రి మూతికి కట్టుకున్న గుడ్డ విప్పాడు. ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. నేను ఆయన దవడల చప్పుడు విన్నాను. ఇంత నెమ్మదిగా నమిలే మనిషిని నా జన్మలో వినలేదు. ఉప్పు చల్లిన కుప్ప దగ్గరికి పోయి, అక్కడి నుంచి ఒక చిటికెడు నోట్లో వేసుకున్నాడు. మరుక్షణం థూ అని ఊసి, "నీళ్ళు, నీళ్ళు," అన్నాడు.

పందిరంతా ఒక్కసారి గుడ్డలు విప్పి నవ్వింది. నన్ను ఎవరో భుజం మీద కొట్టారు, ఇంకెవరో జుట్టు లాగారు. అక్షింతలాయన నా కుప్ప రుచి చూసి, "ఉప్పు పిసరంత తక్కువున్నది గని, దేవుడికి బీపీ రాదు," అన్నాడు.

"నవ్వుడు తర్వాత," అన్నాడు మేస్త్రి నోరు పుక్కిలించి. "సగం పులిహోర సముద్రమైంది. బయట ఆకులు ఏస్తున్నరు. దీన్నేం చేద్దాం?"

ఈసారి ఎవరూ అడగకముందే నేను మాట్లాడాను. పప్పులోకి వండిన తెల్లన్నం ఒక గుండిగ ఉంది. దాన్ని ఉప్పు కుప్పలో కలపాలి, నా కుప్పలోంచి కొంత తెచ్చి అందులో పోయాలి, తగ్గిన తెల్లన్నానికి ఇంకో ఎసరు వెంటనే పెట్టాలి. మేస్త్రి మూతి తుడుచుకుని, "విన్నరు గదా, చెయ్యండ్రి," అన్నాడు.

నేను చాప పక్కన మోకాళ్ళ మీద కూర్చుని మోచేతుల దాకా అన్నంలో పెట్టాను. వేడి ఇంకా పోలేదు. అరచేతులు చురుక్కుమన్నాయి, నూనె జారింది, పల్లీలు వేళ్ళ సందుల్లోకి వచ్చాయి. ఇప్పుడు నోటికి రుచి చూసే వీలు దొరికింది గనుక, పొయ్యిల అక్క చిటికెడు చిటికెడు నా నోట్లో వేస్తుంటే చెప్పసాగాను. ఇంకో బుట్ట. ఇంకోటి. చాలు, ఆగండి. ఇటు మూల సగం బుట్ట. ఎవరో గుండిగతో వెనక నుంచి వస్తూ "పక్క" అన్నారు, "ఇక్కడున్న, చాప కాడ" అన్నాను. మళ్ళీ ఇంకొకరు, మళ్ళీ నేను. ఎన్నిసార్లు పలికానో లెక్క లేదు. ఒకసారి ఎవరూ ఏమీ అనకపోయినా "ఇక్కడున్న" అన్నాను, అప్పటికి అది నోటికి అంత రుచి తగిలింది.

మొదటి బంతికి నా కుప్ప వడ్డించారు. రెండో బంతి కూర్చునే వేళకు కలిపిన కుప్ప సిద్ధమైంది. కొసరు అడిగారని వడ్డించేవాళ్ళు బుట్టలు మోగించుకుంటూ వచ్చిపోతూనే ఉన్నారు.

జనం పలచబడ్డాక అమ్మ వంటపందిట్లోకి వచ్చింది. ఆమె ఆడవాళ్ళ బంతిలో భోంచేసింది, లోపల ఏం జరిగిందో ఏమీ తెలియదు. "పులిహోర బాగున్నది," అంది. "మొదాల ఏసింది జర చప్పగున్నది, మలిసారి ఏసిందే మంచిగున్నది." ఎవరో తప్పుకుని నవ్వారు. అమ్మ నన్ను చూసి ఆగిపోయింది. మోచేతుల దాకా పసుపు, జుట్టులో కరివేపాకు, మోకాళ్ళ కింద అన్నం మెతుకులు. నైలాన్ ఓణీ కొంగు నడుముకు చుట్టి ఉంది.

మేస్త్రి చేతులు కడుక్కుంటూ, "అమ్మా, ఎల్లుండి దమ్మపేటల పెండ్లి ఉన్నది. పిల్లను తోల్కపోత," అన్నాడు.

"కూరగాయలకా?"

"పులుసు పొయ్యి ఇస్త దానికి."

అమ్మ నా దగ్గరికి వచ్చింది. పక్కన కూర్చుని తన కొంగుతో నా చేతులు తుడవడం మొదలుపెట్టింది. పసుపు పోవడం లేదు.  నేను అమ్మ ఊపిరి వింటున్నాను. అది కోపమో, దుఃఖమో, లెక్కలు వేసుకోవడమో నాకు అంతుపట్టలేదు.

"ఎందరికి?" అని అడిగింది చివరకు.

"ఎనిమిది నూర్లు," అన్నాడు మేస్త్రి.

అమ్మ తుడవడం ఆపింది. నా నడుము దగ్గరి ఓణీ కొంగును వేళ్ళతో పట్టుకుని నలిపింది.

"ఈ నైలాన్ గుడ్డతోని పొయ్యి ముందర నిలబడితే అంటుకుంటది," అంది. "నా నూలు నేతచీర ఒకటి పెట్టెల ఉన్నది. రేపు ఉతికి ఆరేస్త, అది కట్టుకుని పో."